పాలమూరు సీమ ఎన్నికలలో విద్యార్థి శిష్యరికము

మన దేశమున విద్యలెల్ల శిష్యరికముచేతనే సంక్రమించినవి. వైద్యుడు వైద్యునికడ, శిల్పి శిల్పికడ, వకీలు వకీలుకడ కొంతకాలము మెలగి పని నేర్చిరి. రాజకీయము మాత్రము పుట్టుకచేతనో, ధనముచేతనో, వాక్చాతుర్యముచేతనో అబ్బునని లోకుల తలంపు. కాని ప్రజాస్వామ్యమున ఎన్నిక యనునదియు ఒక పనియే. దానికిని పనిముట్లు కలవు, పద్ధతులు కలవు, మెలకువలు కలవు. దానికిని శిష్యులు కలరు. ఆ శిష్యులలో పెక్కురు విద్యార్థులు. ఇటీవల కళాశాల విద్యార్థులు కొందఱు ఎన్నికల వేళ ఒక అభ్యర్థికడ చేరి కొన్ని వారములు పనిచేసి, దానిని ఇంటర్న్‌షిప్పు అని వ్యవహరించుచున్నారు. పేరు క్రొత్తది, పని పాతది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల చరిత్రను ఆధారముగా గొని ఆ పని పూర్వాపరములను ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు 11న ఏర్పడిన మూడు జిల్లాలకు కేంద్రములు. అంతకుముందు మూడును మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. ఆ జిల్లాకు జనవ్యవహారమున పాలమూరని పేరు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డ మొదలుకొని నల్లమల అడవుల అంచువఱకు వ్యాపించిన ఈ సీమ నేడు నాగర్‌కర్నూలు లోకసభ నియోజకవర్గముగా నున్నది. వనపర్తి, గద్వాల, ఆలంపూరు, నాగర్‌కర్నూలు, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపురము అను ఏడు శాసనసభా స్థానములు దానిలో చేరినవి. ఈ సీమ విషయమున మేము వేసికొన్న ప్రశ్న యొక్కటే. ఎన్నికలలో పనిచేయు విద్యార్థి ఎవరికి శిష్యుడు? అభ్యర్థికా, ఓటరునకా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు సంస్థానముల కాలము కడకు పోవలసియున్నది. గద్వాల, వనపర్తి సంస్థానములు నిజాము ప్రభుత్వమునకు లోబడియుండియు తమ పాలనమును తాము నడపుకొన్నవి. ఆత్మకూరు, కొల్లాపురము, గోపాలపేట సంస్థానములును ఈ ప్రాంతములోనివే. నాగర్‌కర్నూలు 19వ శతాబ్దమున కొంతకాలము జిల్లాకేంద్రముగా నుండి, పిదప ఆ స్థానమును పాలమూరునకు విడిచినది. సంస్థానములు విద్వత్పోషణకు పేరు గాంచినవి. పండితులును కవులును శిష్యసమేతముగా వచ్చి, సభలో పరీక్షకు నిలిచి, సన్మానములు పొంది పోవుచుండిరి. తిరుపతి వేంకటకవులును ఈ సంస్థానములను దర్శించినవారే.

ఆ సభలలో శాస్త్రపాండిత్యముతోపాటు శిష్యుడు మఱియొక విద్యయు నేర్చెను. ప్రభువు సమయమును కనిపెట్టుట, విన్నపమును ఇంపుగా వినిపించుట, దయకై వేచియుండుట అనునవి ఆ విద్యలోని పాఠములు. దీనిని మేము నిందింపము. అధికారము ఒక్కరి చేతిలో నున్న కాలమున అదియే లోకజ్ఞానము. కాని ఈ నేర్పు సంస్థానములతో అంతరింపలేదనియు, ఓటు వచ్చిన తరువాతను మన రాజకీయములను వెన్నంటి వచ్చినదనియు గుర్తుంచుకొనవలెను. విద్యార్థి శిష్యరికపు చరిత్ర యంతయు ఈ పాత నేర్పునకును, పౌరుడు నేర్వవలసిన క్రొత్త నేర్పునకును నడుమ జరిగిన పెనగులాటయే.

క్రొత్త నేర్పునకు మొదటి బడులు వసతిగృహములు, గ్రంథాలయములు, పత్రికలు. 1921 నవంబరులో హైదరాబాదున మహర్షి కార్వే అధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో ఒక న్యాయవాది తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలి చేసిరి. ఆ అవమానమునుండి ఆంధ్రజన సంఘమును, దానినుండి క్రమముగా ఆంధ్ర మహాసభయు పుట్టినవి. సభలో సొంత భాషలో మాటాడుట హక్కు అని ఈ ఘటన తెలుగు విద్యార్థులకు నేర్పినది. వనపర్తి సంస్థాన ప్రాంతమునకు చెందిన రాజబహదూరు వేంకటరామారెడ్డిగారు 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలును నెలకొల్పుటకు మూలపురుషులైరి. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడునకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ హాస్టలు నిర్వహణమును వహించి, దాని గ్రంథాలయమును పెంచిరి. 1926లో వారు స్థాపించిన గోలకొండ పత్రిక పల్లెలనుండి చదువునకు వచ్చిన బాలురకు లోకమును చూపిన కిటికీ. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు వారే అధ్యక్షులు. మఱుసటి ఏట దేవరకొండ సభకు ఈ జిల్లావారే యగు బూర్గుల రామకృష్ణారావుగారు అధ్యక్షులు.

ఆ దినములలో గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు అమలులో నుండెను. అనుమతి లేక సభ జరుపరాదు. అట్టి స్థితిలో సభకు చాపలు పఱచుట, కరపత్రము పంచుట, వచ్చినవారి పేర్లు వ్రాసికొనుట మొదలైన చిన్న పనులకును పెద్ద అర్థము కలిగినది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు వసతిగృహములలో వందేమాతర గీతము పాడుటకు పట్టుపట్టగా, అధికారులు వారిని వెడలగొట్టిరి. వందలాది విద్యార్థులు చదువు విడువవలసివచ్చినది. వారిలో పలువురు నాగపురము పోయి అచటి విశ్వవిద్యాలయమున చేరిరి. గద్వాల ప్రాంతమునకు చెందిన రామచంద్రరావుగారు ఆ కాలముననే చెరసాలలో దెబ్బలు తినుచు వందేమాతరమని నినదించినందున, ఆ మాటయే వారి ఇంటిపేరుగా నిలిచినది. ఎన్నికలు రాకమునుపే ఈ సీమ విద్యార్థి రాజకీయమునకు ఎట్టి మూల్యము చెల్లింపవలసియుండునో తెలిసికొన్నాడు. ఓటరు యెట్లుండునో మాత్రము వాడింకను చూడలేదు.

ఆ దర్శనము 1951-52 సంవత్సరముల తొలి సార్వత్రికపుటెన్నికలలో లభించినది. హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు 175 స్థానములు. కాంగ్రెసునకు 93, ప్రజాతంత్ర కూటమికి 42, సోషలిస్టులకు 11 దక్కినవి. వనపర్తినుండి ప్రతాపరెడ్డిగారును, షాద్‌నగరునుండి రామకృష్ణారావుగారును కాంగ్రెసు పక్షమున ఎన్నికైరి. 1952 మార్చి 6న రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి యైరి. ఈ ఫలితములు అందఱెఱిగినవే. ఆ ఎన్నిక నడచిన తీరు మా ప్రశ్నకు ముఖ్యము.

ఓటు హక్కునకు అప్పుడు 21 సంవత్సరములు నిండియుండవలెను. కావున ఉన్నత పాఠశాలలోను, కళాశాల తొలి తరగతులలోను చదువుచున్నవారిలో ఎక్కువమందికి ఓటు లేదు. ఓటున్న రైతునకు, కూలికి, గృహిణికి అక్షరములు రావు. అక్షరములు వచ్చిన వానికి ఓటు లేదు, ఓటున్న వానికి అక్షరములు లేవు; ఈ ఇరువురి నడుమ కుదిరిన సహకారము తొలి ఎన్నికల విశేషము. ఓటు విధానము సయితము నేటివంటిది కాదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టెమీద అతని గుర్తు. కాంగ్రెసునకు కాడికట్టిన ఎడ్లు, సోషలిస్టులకు చెట్టు. ఓటరునకు రూపాయి నోటంత కాగితము నిత్తురు. అతడు మఱుగునకు పోయి తనకు నచ్చిన పెట్టెలో దానిని వేసి రావలెను. ద్విసభ్య నియోజకవర్గములలో ఇద్దఱిని ఎన్నుకొనవలెను. రెండు ఓట్లును ఒక్కరికే వేయుటకు వీలులేదు. దేశమున కొన్ని చోట్ల పెట్టెలలో నాణెములును, విన్నపపు చీటీలును దొరికినవట. దేవుని హుండీని ఎఱిగినవానికి ఓటుపెట్టె అట్లే తోచుట వింత కాదు.

ఇట్టి తరుణమున గుర్తు చూపి పెట్టె తెలుపగలవాడే ప్రచారమునకు ఆయువుపట్టు. ఉపన్యాసకుడు సభలో మాటాడి పోవును. అరుగుమీద కూర్చుండి, ఓటర్ల పట్టిక చదివి, నీ పేరు ఇదిగో, నీ వంతు ఈ గ్రామమున అని చెప్పువాడు వేఱొకడు. ఆ పట్టికలో ఎన్నియో చిక్కులు. స్త్రీలు తమ పేరు చెప్పక ఫలానివాని భార్య, ఫలానివాని తల్లి అని వ్రాయించినందున, దేశమంతట, ముఖ్యముగ ఉత్తరాది రాష్ట్రములలో, దాదాపు 28 లక్షల స్త్రీల పేర్లు ఆ పట్టికలనుండి తొలగింపబడినవి. భర్త పేరు నోట పలుకగూడదను ఆచారము మన పల్లెలలోను గలదు. అట్టి ఇంటిముందు నిలిచి, అమ్మా, ఓటు నీది, పేరు నీదే యుండవలెనని చెప్పుటలో గొప్ప రాజనీతి యిమిడియున్నది. గ్రంథములలో చదివిన సమానత్వము గుమ్మము ముందట పరీక్షకు వచ్చును. ఆ పరీక్షలో ప్రశ్నలడుగునది అభ్యర్థి కాదు, ఓటరు. ఓటు లేని విద్యార్థి ఓటరునకు గుర్తు నేర్పెను; ఓటరు విద్యార్థికి దేశమును నేర్పెను.

అయితే ఈ శిష్యరికమునకు వెంటనే ఒక కఠిన పరీక్ష వచ్చినది. ఎన్నికైన ప్రభుత్వము ఏర్పడి ఆఱు నెలలైన కాకమునుపే, 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమము చెలరేగినది. స్థానికులకు చెందవలసిన ఉద్యోగములు పరులకు పోవుచున్నవని విద్యార్థులు వీధులకు వచ్చిరి. సెప్టెంబరు 3, 4 తేదీలలో హైదరాబాదు నగరమున పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణనష్టము కలిగినది. న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారు ఆ కాల్పులను గూర్చి విచారణ జరిపిరి. నాటి ముఖ్యమంత్రి పాలమూరు బిడ్డయే. ఆంధ్ర మహాసభ వేదికనుండి విద్యార్థులకు హక్కులు బోధించినవారే. తాము కోరి తెచ్చుకొన్న ప్రభుత్వమును తామే ఎదిరించి అడుగుట ఎట్లు? అభ్యర్థికి మాత్రమే శిష్యుడైనవాడు ఈ ఘట్టమున మౌనము వహింపవలెను. ఓటరునకు శిష్యుడైనవాడు అడుగక మానడు. గెలిపించుటతో పని ముగియదని ఆనాటి విద్యార్థులు ఆఱు నెలలలోనే నేర్చిరి.

పిమ్మట సంస్థానముల వారసులును ప్రజలముందు ఓటు కోరుచు నిలిచిరి. వనపర్తి సంస్థానాధీశులైన రామేశ్వరరావుగారు విదేశాంగ శాఖలో పనిచేసి వచ్చి, 1957లో మహబూబ్‌నగర్‌నుండి లోకసభకు ఎన్నికైరి. 1962లో ఆ వంశపు కోడలు రాణి కుముదినీదేవిగారు వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైరి. హైదరాబాదు నగరమునకు మొదటి మహిళా మేయరు వారే. 1959లో వనపర్తి రాజభవనమున పాలిటెక్నిక్ కళాశాల వెలసినది. విన్నపము చేతబట్టి తాత నిలిచిన ముంగిటిలో మనుమడు యంత్రశాస్త్రము చదువసాగెను. ఈ మార్పు చిన్నది కాదు. అయినను ఇచట ఒక మెలకువ కావలెను. రాజకుటుంబమువారు ఓటరు గుమ్మమునకు వచ్చుట ప్రజాస్వామ్యపు విజయము. ఓటరు మాత్రము అలవాటు చొప్పున లేచి చేతులు కట్టుకొని నిలిచినచో పాత సభయే క్రొత్త పందిటిలో జరిగినట్లు. ఆ చేతులు విప్పించుట ప్రచారకుడైన విద్యార్థి చేయదగిన పని. దొరగారికి దండము పెట్టించుట వాని పని కాదు.

విద్యార్థి దశనుండి నేరుగా ఎన్నికల రంగమునకు వచ్చినవారికి ఈ సీమలో చెప్పుకొనదగిన నిదర్శనము ఎస్. జైపాల్‌రెడ్డిగారు. 1942లో జన్మించిన వారు నాటి కల్వకుర్తి ప్రాంతములోని మాడ్గులవారు. చిన్ననాటనే పోలియోవలన కాలి సత్తువ పోగా, ఊతకఱ్ఱల సాయముతో నడచిరి. ఉస్మానియాలో ఆంగ్లసాహిత్యము చదివి, విద్యార్థి సంఘములలోను యువజన కాంగ్రెసులోను పనిచేసి, 1969లో కల్వకుర్తి శాసనసభ్యులైరి. అత్యవసర పరిస్థితిని వ్యతిరేకించి తమను పెంచిన పక్షమును విడిచి, 1980లో మెదకున ఇందిరాగాంధీగారిపై పోటీ చేసి ఓడిరి. 1984లో మహబూబ్‌నగర్‌నుండి లోకసభకు గెలిచిరి. పక్షములు మాఱుటను మేము ఇచట మెచ్చుటయు లేదు, తెగడుటయు లేదు. శిష్యుడు గురువుతో విభేదించుటకును శక్తి సంపాదించుకొనవలెననుట యొక్కటే ఇందు గ్రాహ్యము.

వారు శాసనసభకు వచ్చిన 1969వ సంవత్సరమే తెలంగాణ విద్యార్థిలోకమునకు మఱియొక మహాపరీక్ష. ప్రత్యేక రాష్ట్రోద్యమమున చదువులు ఆగిపోయినవి. పెక్కురు యువకులు ప్రాణములు గోల్పోయిరి. ఆ ఉద్యమబలము 1971 లోకసభ ఎన్నికలలో ఓట్లుగా మాఱినది. తెలంగాణలోని 14 స్థానములలో 10 తెలంగాణ ప్రజాసమితి గెలిచినది. పాలమూరు సీమలోని మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు రెండును వాటిలో చేరినవే. మహబూబ్‌నగర్‌నుండి సమితి పక్షమున నిలిచినవారు పూర్వోక్తులగు రామేశ్వరరావుగారే. కాని ఆ సంవత్సరమే సెప్టెంబరులో సమితి కాంగ్రెసున విలీనమైనది. వీధులలో చదువు నొడ్డి పనిచేసినవారికిది చేదు పాఠము. విజయము నాయకుల సంతకముతో చేయి మాఱవచ్చును. మిగులునదెల్ల పల్లెపల్లెను తిరిగినవాడు సంపాదించిన ఎఱుక మాత్రమే. ఆ ఎఱుక చావలేదు. తరువాతి తరములు దానిని అందుకొన్నవి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది.

ఇంతకాలము విద్యార్థికిని ఓటునకును నడుమ నున్న అగడ్త, రాజ్యాంగపు 61వ సవరణచే ఓటు వయస్సు 18 సంవత్సరములకు దిగినప్పుడు పూడినది. ఆ సవరణ 1989లో అమలునకు వచ్చినది. ఆ ఏటి నవంబరు ఎన్నికలలోనే, ముఖ్యమంత్రిగా నున్న ఎన్.టి. రామారావుగారు కల్వకుర్తిలో కాంగ్రెసు అభ్యర్థి చిత్తరంజన్‌దాస్‌గారి చేతిలో ఓడిరి. హిందూపురమునుండి మాత్రము గెలిచిరి. పద్దెనిమిదేండ్ల విద్యార్థి తొలిసారి ఓటు వేసిన దినమున, ఈ సీమ ఎంతటివానినైనను ఓడింపగలనని చూపినది.

మఱియొక ముప్పదినాలుగేండ్లకు, 2023 శాసనసభ ఎన్నికలలో, కొల్లాపురమున కర్నె శిరీష అను యువతి స్వతంత్ర అభ్యర్థినిగా నిలిచినది. చదువుకొన్నను కొలువు దొరకక బర్రెలు మేపుకొనుచున్నానని చెప్పిన మాటచే ఆమె బర్రెలక్కగా ప్రసిద్ధురాలు. ఆమె గుర్తు ఈల. ధనము లేదు, పక్షము లేదు. ఉద్యోగార్థులగు యువకులు ఇతర జిల్లాలనుండి తమంత తాముగా వచ్చి ప్రచారము చేసిరి. ప్రచారమున దాడి జరుగగా ఉన్నత న్యాయస్థానము ఆమెకు రక్షణ కల్పింపుమని ఆదేశించినది. ఆమెకు వచ్చిన ఓట్లు 5,754. గెలుపు లెక్కలో ఇది స్వల్పము. శిష్యరికపు లెక్కలో స్వల్పము కాదు. ఇచట ప్రచారకులు పెద్దవారి దయకై వేచినవారు కారు; తమవంటి నిరుద్యోగి ప్రశ్నను మోసికొని ఇంటింటికి పోయినవారు.

నేటి విద్యార్థి అభ్యర్థికడ చేరినచో ఏమి నేర్వవలెనో ఈ చరిత్రయే సూచించుచున్నది. మొదటిది పట్టిక. పాలమూరు కూలి దేశమున ఆనకట్టలు కట్టినవాడు, నగరములలో మేడలు లేపినవాడు; కావున ఎన్నికల వేళ పట్టిక పట్టుకొని పోయిన విద్యార్థికి తాళము వేసిన ఇండ్లు ఎదురగును. ఆ తాళము వెనుక నున్న కథను వినుట ఏ ఉపన్యాసముకన్నను మేలైన పాఠము. రెండవది చట్టము. వలసపోయినవారిని రప్పింపుమని, పోలింగు కేంద్రమునకు బండ్లు కట్టింపుమని అనుచరులకు ఆజ్ఞ రావచ్చును. ఓటర్లను ఉచితముగా కేంద్రమునకు చేరవేయుటకై అభ్యర్థి పక్షమున వాహనములు కుదుర్చుట 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టపు 123వ విభాగము ప్రకారము అవినీతికర చర్య. చేయనని చెప్పగలిగినవాడే ఆ దినమున ఉత్తీర్ణుడు. మూడవది లెక్క. 2022లో సవరింపబడిన పరిమితి ననుసరించి తెలంగాణలో శాసనసభ అభ్యర్థి 40 లక్షల రూపాయలకు, లోకసభ అభ్యర్థి 95 లక్షలకు మించి వ్యయము చేయరాదు. వ్రాసిన లెక్కకును జరిగిన వ్యయమునకును గల దూరమును కండ్లార చూచిన యువకుడు, ఆ దూరమును సహజమని యొప్పుకొనునా, తప్పని యనుకొనునా అనుదానిమీద వాని జీవితకాలపు పౌరధర్మము ఆధారపడియుండును.

శిష్యరికమున అపాయము లేకపోలేదు. జెండా మోయుటకు, ద్విచక్రవాహనముల ఊరేగింపునకు, కూలికి వచ్చిన గుంపునకు సంఖ్య చేర్చుటకు మాత్రమే విద్యార్థిని వాడుకొన్నచో, వాడు నేర్చునది సంస్థానసభలోని పాత పాఠమే, సమయము కనిపెట్టి దయకై వేచియుండుటయే. బాలబాలికలను ప్రచారమున వాడరాదని ఎన్నికల సంఘము 2024 ఫిబ్రవరిలో పక్షములను గట్టిగా హెచ్చరించినది. పదునెనిమిదేండ్లు నిండిన విద్యార్థి విషయమున హెచ్చరించువారు వేఱొకరు లేరు. వాని చదువే వానిని హెచ్చరింపవలెను.

కడపట ఒక్క మాట. గెలిచినవారి పేర్లును, ఓడినవారి పేర్లును, ఓట్ల సంఖ్యలును ఎన్నికల సంఘపు నివేదికలలో భద్రముగా నున్నవి. 1952లో వనపర్తి అరుగులమీద కూర్చుండి ఎడ్ల గుర్తు చూపినవాని పేరు, చెట్టు గుర్తు చూపినవాని పేరు వాటిలో నుండవు. ఆనాడు పదునాఱేండ్లవాడు నేడు తొంబది యేండ్లవాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కళాశాలల విద్యార్థులు తమ తమ గ్రామములలో అట్టి వృద్ధుల మాటలు వ్రాసికొనవలెనని, తాము ఎన్నికలలో పనిచేసిన దినములను గూర్చి దినచర్యలు వ్రాసి భద్రపఱచుకొనవలెనని మా మనవి. ఓటరునకు శిష్యులైనవారి చరిత్రను వ్రాయుటకు ఆ నోటుపుస్తకములే ఆధారములు కాగలవు. తొలి ఎన్నికలలో తిరిగినవారు ఇంకను మన నడుమ నున్నపుడే ఈ పని మొదలు పెట్టవలసియున్నది.